పన్నెండు నిమిషాలు

ఆమె మూడో బిళ్ళను పట్టకారుతో ఎత్తి వెలుతురులో చూసింది. చిటికెనవేలి గోరంత స్ఫటికపు బిళ్ళ, నడుమ బంగారు పూత. మిషన్‌లో పెడితే సెకనుకు కోటిసార్లు వణుకుతుంది. పూత మీద అతికించిన, లోపం లేని డీఎన్‌ఏ పోగుకు రోగి పోగు జతపడితే, ఆ కాస్త బరువుకే వణుకు తగ్గి తెర మీద అంకె దిగుతుంది. అప్పుడు గోరువెచ్చటి ఉప్పునీటితో కడగాలి. సరైన జత అతుక్కునే ఉంటుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా జారిపోతుంది, అంకె మళ్ళీ పైకెక్కుతుంది.

కడగడం పన్నెండు నిమిషాలు. ఆమె ఒక్క సెకను తగ్గించదు. ల్యాబులో ఆమె పేరు కడుగుడక్క.

“అక్కా, ఇంకాస్త కడిగితే బంగారం కూడా పోతుంది,” అంది పక్కబల్ల అమ్మాయి.

“పోతే పోనీ. నీ మెళ్ళోది అరువిద్దువుగానిలే.”

నాలుగేళ్ళ క్రితం ఒక సాయంత్రం ఆమె ఐదు నిమిషాలే కడిగింది. కారణం పెద్దదేమీ కాదు, ఐదున్నర బస్సులో కిటికీ పక్క సీటు. అంకె కదల్లేదు. ‘జన్యువులో మార్పు లేదు’ అని రాసి సంతకం పెట్టింది. ఆ రక్తం ఆమె ఆడపడుచుది. తల్లిని మింగిన రొమ్ము క్యాన్సర్ తనకూ రాసిపెట్టి ఉందేమోనని ఇచ్చింది. కాగితం చూసుకుని ఆవిడ ఏటేటా చేయించుకునే పరీక్షలు మానేసింది. సంతోషం పట్టలేక మరదలికి ఎర్రటి వంటింటి టైమరు కొనిచ్చింది. “ఇకనైనా పాలు పొంగబెట్టకుండా ఉంటావేమో!”

ఆవిడకు జబ్బు బయటపడిన మర్నాడే ఆమె టైమరును ల్యాబుకు తెచ్చుకుంది. ఇంట్లో పాలు మళ్ళీ పొంగుతున్నాయి.

ఈ ఉదయం ఆస్పత్రిలో పళ్ళరసం తాగిస్తుంటే ఆడపడుచు ఆమె ముఖంలోకి చూసింది. “నువ్వెందుకే ఇలా ఎండిపోతున్నావు? మీ మిషను మంచిదే. నా ఒళ్ళే మాట వినలేదు.”

నిజం చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. “గ్లాసు మూతేదీ?” అంది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక, ఫ్రీజరు అడుగు నుంచి ఆడపడుచు పాత నమూనా గొట్టం తీసింది. పన్నెండు నిమిషాలు కడిగినా అంకె కదలకుండా, తప్పు మిషనుదేనని తేలితే బాగుండునని సిగ్గులేకుండా కోరుకుంది. నమూనాను బిళ్ళ మీద వేస్తే అంకె దిగింది. టైమరు పన్నెండుకు తిప్పి కడగడం మొదలుపెట్టింది. ఐదో నిమిషం, కదల్లేదు. ఆరు. ఏడో నిమిషంలో అంకె ఎక్కసాగింది.

“సాయంత్రం చెప్పేస్తాను వదినా,” అంది తెరతో.

ఫోను మోగింది. భర్త.

“అక్క...” అని ఆగాడు. “నిద్రలోనే పోయింది. నువ్వు రా.”

“నన్నేమైనా అడిగిందా?”

“పొద్దున తినకుండా వెళ్ళావటగా. అదే అంటూ పడుకుంది.”

ఆమె కోటు విప్పి కుర్చీకి తగిలించి వెళ్ళిపోయింది. ఖాళీ గదిలో, బల్ల మీద ఎర్రటి టైమరు టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఇంకా నాలుగు నిమిషాలు.