రెండు పెట్టెల్లో వచ్చిన తుపాకి

నేను ఒక తుపాకిలో సగాన్ని. ఇనుప గొట్టాన్ని. కాగితం మీది నల్లచుక్కను కొట్టడం తప్ప నాకు వేరే పని తెలియదు. నా మిగతా సగం, అంటే భుజానికి ఆనించుకునే కర్ర, నాకంటే ముందే విశాఖ చేరిపోయింది.

పుట్టినప్పుడు మేం ఒక్కటే. ఎక్కడో చలిదేశంలో ఒక ముసలి పనివాడు తబిత అనే షూటింగ్ క్రీడాకారిణి పంపిన కొలతలు చూసి ఆ కర్రను చెక్కాడు. నా వీపుకు మసి పూసి అందులో కూర్చోబెట్టేవాడు, మసి అంటిన చోటల్లా గీకేవాడు, మళ్లీ కూర్చోబెట్టేవాడు. అందుకే ఆ కర్ర ఇంకే గొట్టానికీ సరిపోదు.

మేం ఓడ ఎక్కేలోపే ఇక్కడ పూర్తి తుపాకుల మీద దిగుమతి సుంకం పెంచేశారు. నేను రాకపోతే తబిత జాతీయ జట్టు ఎంపికకు వెళ్లడం కల్ల. ఆమె బాబాయి ఇమ్మానుయేలుది తుపాకుల దుకాణం, తండ్రి నాటి లైసెన్సు. ఆయనకు ఓ గొప్ప ఆలోచన తట్టింది. కర్రను చెక్కసామానుగా, నన్ను విడిభాగంగా వేరువేరు పెట్టెల్లో రప్పించాడు. సుంకం ఎగ్గొట్టడానికి మనుషులు పడే అవస్థ చూస్తే, కట్టేయడమే సుఖమనిపిస్తుంది.

నా పెట్టె కస్టమ్స్ వాళ్లకు చిక్కింది. అధికారిణి హైమవతి బాబాయిని, అమ్మాయిని పిలిపించి కర్రను కూడా తెమ్మంది.

"ఇది దీనికి సరిపోతే పూర్తి తుపాకిని ముక్కలు చేసి తెచ్చినట్టే. మీ షాపు లైసెన్సు రద్దవుతుంది. సరిపోకపోతే గొట్టం ఏ తుపాకిదో తెలియని సరుకు, కోయించేస్తాం. బిగించి చూపించండి."

తబిత నన్ను అందుకుని బాబాయి వైపు చూసింది.

"ఏటి సెయ్యమంటావు బాబాయ్?"

"పెట్టీ అమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండా.

నేను కర్రలోకి జారుతుంటే వీపుకు ఏదో గీరుకుంది. పచ్చి ఉలిగాటు. అది నా పనివాడి చెయ్యి కాదు. ఇంకాస్త చెక్కి ఉంటే నేను అందులో కూర్చునేదాన్ని కాదు, ఇమ్మానుయేలు దుకాణం దక్కేది. తబిత చేతికి మాత్రం తుపాకి ఉండేది కాదు. కర్రను ఇక్కడికి తెచ్చేముందు ఆయన ఉలి పట్టాడు, ఒక్క పోటు వేశాడు, అక్కడితో ఆగిపోయాడు.

నేను టక్కున కూర్చున్నాను.

"తప్పు నాది మేడమ్," అన్నాడు ఇమ్మానుయేలు. "పిల్లకేటీ తెల్దు. సుంకం, జరిమానా అన్నీ కట్టేస్తాను. తుపాకి మాత్రం దానికిచ్చీండి."

కట్టాడు. లైసెన్సు పోయింది. తండ్రి నాటి ఆ దుకాణంలో ఇప్పుడు చేపల గాలాలు అమ్ముతున్నాడు. తబితకు జట్టులో చోటు దొరికింది.

నేను పేలిన ప్రతిసారీ ఆ గాటు నా వీపుకు తగులుతుంది. నున్నగా చేసిస్తామని చాలామంది అడిగారు. తబిత ఎవరినీ దాని మీద చెయ్యి వేయనివ్వలేదు.