తువ్వాలు కట్టిన ముఖాలు

"ఇంకొంచెం కిందకి వంగమ్మా, నీ తల పడతంది," అన్నాడు సత్యప్రసాద్.

సారిక వంగింది. పైన రేకుల షెడ్డు, బయట మే నెల ఎండ, అది చాలనట్టు అనిల్ కుమార్ కాకినాడ నుంచి తెచ్చి నిలబెట్టిన లైటు. తిరుగుడు బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పినప్పుడల్లా ఆమె బల్లని కాస్త కాస్త తిప్పాలి. బల్ల మీద పచ్చి మట్టితో చేసిన ఆంజనేయస్వామి తల ఉంది. ఎడమ కన్ను పూర్తయింది. కుడి కన్ను ఇంకా చెయ్యాలి. పొద్దున్నే తడిపిన మట్టి ఆ లైటు వేడికి చెవుల దగ్గర అప్పుడే తెల్లబడుతోంది. తడిగుడ్డ కప్పాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. కప్పితే వీడియో ఆగిపోతుంది.

ఫోన్లో కనబడేవి సత్యప్రసాద్ చేతులు. వెదురు బద్ద పట్టుకుని అవి స్వామి బుగ్గ మీద మెల్లగా తిరుగుతున్నాయి. బుగ్గ నిన్ననే అయిపోయింది. దాన్ని చేసిన మనిషి బల్ల కింద ఉంది.

"సూపర్ సార్. ఇంకొక్కసారి. చెయ్యి వణక్కుండా," అన్నాడు అనిల్ కుమార్.

రావులపాలెం వెళ్ళే రోడ్డు పక్కన, కాలవ గట్టును ఆనుకుని ఉంది ఆ షెడ్డు. 'శిల్పి సత్యప్రసాద్ - దేవతా విగ్రహాలు, నాయకుల విగ్రహాలు, పెద్దల విగ్రహాలు' అని బోర్డు. వాళ్ళ తాతల నాటి నుంచి ఆ ఇంట్లో ఇదే పని. మట్టితో రూపం చేస్తారు, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీస్తారు, అచ్చులో ఫైబర్ పోస్తారు, రంగులు వేస్తారు. అన్నిటికన్నా చివర కనుపాపలు దిద్దుతారు. దిద్దిన మరుక్షణం ముఖానికి కొత్త తువ్వాలు చుట్టి కట్టేస్తారు. డబ్బిచ్చి చేయించుకున్నవాళ్ళు వచ్చి విప్పేదాకా ఆ ముఖం ఇంకెవరి కంటా పడకూడదు. దేవుడికైనా అంతే, పోయిన పెద్దాయనకైనా అంతే. దారిన పోయేవాడు ముందు చూసేస్తే కొన్నవాడికి ఎంగిలి ముఖం మిగిలినట్టు లెక్క.

కిందటి ఏడాది అనిల్ కుమార్ వచ్చి, ఆన్‌లైన్ పోర్ట్‌ఫోలియో పెడితే మీ షెడ్డు దేశమంతటికీ కనిపిస్తుంది సార్ అని చెప్పాడు. పదిహేను వేలు పుచ్చుకున్నాడు. షెడ్డులో ఉన్న విగ్రహాలన్నిటికీ ఫొటోలు తీసి పెట్టాడు. దుర్గమ్మ, సర్పంచి గారి నాన్న, ఎక్కడో పార్కుకని చేసిన వివేకానందుడు, అందరూ ముఖాలకి తువ్వాళ్ళు కట్టుకుని నిలబడ్డారు. సత్యప్రసాద్ ఆ ఫొటోలు చూసి మురిసిపోయాడు. పనివాళ్ళు కూడా బాగున్నాయన్నారు. ఏళ్ళ తరబడి చూసీ చూసీ ఆ తువ్వాలు వాళ్ళ కళ్ళకి విగ్రహంలో ఒక భాగమైపోయింది. అనిల్ కుమార్‌కి అనుమానం వచ్చింది కానీ, శిల్పుల సంగతి మనకేం తెలుసులే అని ఊరుకున్నాడు.

నాలుగు నెలల్లో ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. తమిళనాడు నుంచి. "తువ్వాళ్ళు మేం హోల్‌సేల్‌గా ఇస్తామండి, మీకు నెలకి ఎన్ని కావాలి?" అని.

ఆ తరవాత సారిక ఫోన్లో ఉన్న వీడియో బయటపడింది.

సారిక ఏసురాజు కూతురు. ఏసురాజు ఆ షెడ్డులో మట్టి తొక్కడానికి చేరి, చూసి చూసి ముఖాలు చెయ్యడం పట్టుబడి, సత్యప్రసాద్‌కి చూపు మందగించాక అన్ని ముఖాలూ తానే చేసి, పక్షవాతంతో పోయాడు. పోయేలోపు ఆ పని కూతురి చేతికిచ్చాడు. అచ్చు తీశాక మట్టి ముఖాన్ని పగలగొట్టి మళ్ళీ తొక్కేస్తారు. చేసింది చూసుకుందామంటే ఏమీ మిగలదు. అందుకని భోజనాల వేళ సారిక ఫోన్‌ని ఇటుక మీద ఆనించి తన చేతుల్ని తీసుకునేది. మట్టికి తువ్వాలు ఆచారం లేదు. మట్టి ఇంకా ఎవరి సొత్తూ కాదు.

అనిల్ కుమార్ ఆ వీడియో చూసి, అడిగి తీసుకుని, పేజీలో పెట్టాడు. ఒక ముసలాయన కళ్ళు మట్టిలోంచి మెల్లగా బయటికి రావడం వారం తిరిగేసరికి రెండు లక్షలమంది చూశారు. 'నా వంకే చూస్తున్నట్టుంది' అని కింద ఎందరు రాశారో. విజయనగరం నుంచి, హైదరాబాదు నుంచి, బరంపురం నుంచి ఆర్డర్లు వచ్చాయి. నెలకొక విగ్రహం కదిలే షెడ్డులో ఇప్పుడు నడవడానికి చోటు లేదు. సత్యప్రసాద్ కొత్త బండి కొన్నాడు. సారిక రోజు కూలి ఆరు వందల నుంచి ఆరు వందల యాభై అయింది.

చూసినవాళ్ళు ఊరుకోలేదు. ఆ చేతులెవరివి, ఆ గాజుల చేతులెవరివి అని అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకీ పేజీలోంచి ఒకటే జవాబు వెళ్ళింది. శిల్పి సత్యప్రసాద్ గారి విగ్రహశాల అని. నరసాపురం నుంచి దుర్గాశ్రీ అనే టీచరు రాసింది. వాళ్ళమ్మ జన్మంతా లేసు అల్లి పిల్లల్ని చదివించిందట. అల్లికసూది పట్టుకున్న అమ్మ విగ్రహం చేయించుకోవాలని, అది ఆ వీడియోలో ఉన్న ఆవిడే చెయ్యాలని ఆమె కోరిక. మా సత్యప్రసాద్ గారే చేస్తారండి అని జవాబు వెళ్ళింది. ఆ టీచరు మళ్ళీ రాయలేదు. ఈ సంగతి అనిల్ కుమార్ మాటల్లో నోరు జారి చెప్తే తెలిసింది సారికకి. ఒక లేసు అల్లే ఆవిడ వేళ్ళు ఎలా ఉంటాయో ఆ రాత్రంతా ఆమె మనసులో చేసుకుంటూనే ఉంది. ఏడుపొచ్చింది. తనని వెతుక్కుంటూ ఒక మనిషి గుమ్మం దాకా వస్తే, ఇంట్లో ఎవరూ లేరని చెప్పి పంపేశారు.

ఇప్పుడు ఈ ఆంజనేయస్వామి. ద్రాక్షారామం దగ్గర ఒక ఊళ్ళో గుడి ముందు నిలబెట్టడానికి పన్నెండడుగుల విగ్రహం, మూడున్నర లక్షలు. కమిటీ పెద్ద చంద్రరావు బయానా ఇస్తూ ఒక షరతు పెట్టాడు. స్వామి కళ్ళు ఆ వీడియోలో చేతులే చెయ్యాలి. ఇవాళ పన్నెండింటికి వీడియో కాల్ చేస్తామని, కమిటీ అంతా కూర్చుని చూస్తామని కబురు. అందుకే ఈ హడావిడి. ఆ లోపల సత్యప్రసాద్ చేతులతో కొత్త వీడియో తీసి పెట్టాలి. పాతది తీసేయాలి.

"మేస్త్రి గారూ, పేరు వద్దు, ముఖం వద్దు. పాత వీడియో మాత్రం ఉంచండి," అని పొద్దున్నే అడిగింది సారిక.

"ఉంచితే ఎవరివని అడుగుతున్నారు కదమ్మా. ఏం చెప్పమంటావు? ఏసురాజు కూతురివని చెప్పనా? స్వామి కళ్ళు చర్చి వీధి అమ్మాయి చేసిందంటే బయానా వెనక్కి అడుగుతారు. నాకేం పట్టింపు లేదు, నీకు తెలుసు. మీ నాన్నా నేనూ ఒక్క క్యారేజీలో తిన్నాం. ఊరికి ఉందమ్మా పట్టింపు."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఇద్దరూ ఒక్క క్యారేజీలో తినేవాళ్ళు, షెడ్డు తలుపులు వేసుకుని. పట్టింపు లేని పెద్దమనుషులు మనకి కొదవా? పక్కవాడి పట్టింపుని చూపించి తమ పని కానిచ్చుకుంటారు.

లైటు ఒకసారి ఆపినప్పుడు సారిక లేచి కుండ దగ్గరికి వెళ్ళింది. భర్త విజయ్ పాల్ అక్కడ ఉన్నాడు. ఫైబర్ పని అతనిది. మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి దగ్గాడు.

"ఈ ఒక్క రోజుకి ఓర్చుకో," అన్నాడు. "మనిద్దరి కూలీ ఇక్కడే కదే."

"పాతది తీసేత్తారంట."

"తీసేత్తే ఏమైంది? నీ చేతులు నీకాడే ఉంటాయి కదా."

"నాకాడ ఉన్నాయని నాకొక్కదానికే తెలిస్తే చాలేటండి? నాన్న కూడా అలాగే పోయాడు. ఆయన చేసిన బొమ్మలు ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో. ఎక్కడైనా ఆయన పేరుందేటి?"

విజయ్ పాల్ కుండ మూత తీసి గ్లాసు ముంచాడు. నీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. ఆమె సగం తాగి, సగం చెంగు మీద పోసుకుని, ఆ తడి చెంగుతో వెళ్ళి స్వామి చెవులు అద్దింది.

"సారికా, మళ్ళీ కింద కూర్చోమ్మా," అని పిలుపు.

ఆమె కూర్చునేలోపే ఫోన్ మోగింది. పన్నెండు కాకుండానే చంద్రరావు చేసేశాడు. అనిల్ కుమార్ కంగారుగా ఫోన్‌ని స్టాండుకి బిగించాడు. తెరలో ఒక వరండా, ప్లాస్టిక్ కుర్చీల్లో ఎనిమిదిమందో తొమ్మిదిమందో, వాళ్ళ వెనక గుమ్మంలో ఆడవాళ్ళు. ముందు కుర్చీలో చంద్రరావు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"నమస్కారమండి. ఆయ్, స్వామి మహబాగున్నారండి," అన్నాడు చంద్రరావు ముఖం తెరకి దగ్గరగా పెట్టి. "మరి రెండో కన్నేదండి?"

"ఇప్పుడే చేస్తున్నామండి."

"చెయ్యండి మరి, చూస్తాం. అందరం దానికే కూర్చున్నామండి."

సత్యప్రసాద్ బద్ద తీసుకున్నాడు. కనుబొమ కింద దాకా తీసుకెళ్ళాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఒకప్పుడు ఆయన చేసిన కళ్ళని చూసి ముక్కామల నుంచి మనుషులొచ్చేవాళ్ళు. ఆ సంగతి ఆయనకి గుర్తుంది. చేతికి లేదు. బద్ద మొన మట్టికి తగలకుండా గాలిలోనే వెతుక్కుంది. బల్ల కింద నుంచి సారిక అది చూసింది, చూసి ఆయన మీద జాలిపడింది. ఎంత కోపంలో ఉన్నా జాలి జాలే.

"ఆగండాగండి," అన్నాడు చంద్రరావు. "అవి ఈ చేతులు కావండి. ఆ వీడియోలోవి ఆడమనిషి చేతులు. మా ఆడాళ్ళు మొదట్నుంచీ అదే చెప్తన్నారు. దాయడం దేనికండీ? ఆడమనిషి చేస్తే మాకేం అభ్యంతరం లేదు. ఎవరండీ ఆవిడ?"

షెడ్డులో సాండ్ పేపరు చప్పుడు ఆగిపోయింది. పనివాళ్ళందరూ ఇటు తిరిగారు.

సత్యప్రసాద్ బద్ద పక్కన పెట్టాడు. తరవాత ఆయన ముఖం విప్పారింది. అన్ని చిక్కులూ ఒక్కసారే విడిపోయే దారి దొరికింది ఆయనకి.

"మా అమ్మాయేనండి. సూర్యకళ. మా ఇంటి విద్యే కదండీ, చిన్నప్పట్నుంచీ నేనే నేర్పాను. సిగ్గు, కెమెరా ముందుకి రానంటంది." వంగి, బల్ల కిందికి చెయ్యి చాపాడు. "రామ్మా సూర్యకళా. పెద్దలకి నమస్కారం పెట్టు."

ఆయన గొంతులో నిజంగానే ఆప్యాయత ఉంది. అది వినేసరికి సారికకి ఒళ్ళు మండిపోయింది. తిడితే ఓర్చుకునేది. ఈ చెయ్యి పట్టుకుని లేస్తే ఇక దాక్కోనక్కర్లేదు. చేతులు కనబడతాయి, ముఖం కనబడుతుంది, లక్షలమంది మెచ్చుకుంటారు. సూర్యకళని మెచ్చుకుంటారు. నాన్న పేరు అడిగితే సత్యప్రసాద్ అని చెప్తారు. లేసు అల్లే అమ్మ కోసం నరసాపురం టీచరు మళ్ళీ రాసినా, ఉత్తరం సూర్యకళకే వస్తుంది.

ఆయన చెయ్యి పట్టుకోకుండా, బల్ల అంచు పట్టుకుని లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. లైటు కళ్ళల్లో కొట్టింది. ఫైబర్ డ్రమ్ముల దగ్గర నుంచి విజయ్ పాల్ వద్దన్నట్టు చెయ్యి ఊపడం కనబడింది. తరవాత అతను ఆ చెయ్యి దించేసుకున్నాడు.

"నమస్కారమండి," అంది సారిక తెర వైపు చూసి. "నేను సూర్యకళని కాదండి. నా పేరు సారిక. ఏసురాజు గారి అమ్మాయినండి. చర్చి వీధి మాది. ఆ వీడియోలో చేతులు నాయేనండి. ఈ స్వామి ముఖం కూడా నేనే చేశాను. మేస్త్రి గారు మంచోరే, మీరేమనుకుంటారోనని అలా చెప్పారు."

"సారికా!" అన్నాడు సత్యప్రసాద్.

ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు రాదని తెలుసు.

"మట్టి ఆరిపోతందండి. రెండో కన్ను చెయ్యమంటారా?"

తెరలో చంద్రరావు కదల్లేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. వెనక కుర్చీల్లోవాళ్ళు కూడా అలాగే ఉండిపోయారు.

"నెట్ పోయిందేమో సార్," అని అనిల్ కుమార్ ఆశగా ముందుకొచ్చి ఫోన్‌ని చూశాడు. చూసి, పక్కకి తప్పుకున్నాడు. వరండాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. గుమ్మంలో ఒకావిడ తల మీది కొంగు సర్దుకుని, బాగా చూడడానికి ఒక అడుగు ముందుకి వేసింది.

సత్యప్రసాద్ భుజం మీది తువ్వాలు తీశాడు. ముఖం తుడుచుకోవడానికో, స్వామి ముఖం కప్పెయ్యడానికో ఆయనకే తెలిసినట్టు లేదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

సారిక స్వామి వైపు తిరిగింది. కనుబొమ కింద మట్టి తెల్లగా పొడిబారుతోంది. చెంబులో వేళ్ళు ముంచి, అక్కడ తడి అద్దింది. తిరుగుడు బల్లని తిప్పి, తన రెండు చేతులూ తెరలో కనబడేలా నిలబడి, కుడి కన్ను చెయ్యడం మొదలుపెట్టింది.