మరిది చెప్పులు

మా ఆయన పిల్లలు పుట్టకుండానే పోయాడు. మా ధర్మశాస్త్రం ప్రకారం మరిది నన్ను చేసుకుని అన్న పేరు నిలబెట్టాలి. కాదంటే ఊరి పెద్దల ముందు అతని కాలి చెప్పు నేను విప్పాలి. అప్పుడే నాకు విడుదల, ఇంకొకరిని చేసుకునే వీలు. అరువు చెప్పులు చెల్లవు, కొత్తవీ చెల్లవు. అతను తొడిగి అరగదీసినవే కావాలి.

మరిదికి పెళ్ళాం ఉంది, నలుగురు పిల్లలున్నారు. నన్ను చేసుకోనని మొదటి రోజే చెప్పేశాడు. అంతవరకు మర్యాదస్తుడే. కానీ పెద్దలు కూర్చున్న రెండుసార్లూ ఆ మహానుభావుడు ఉత్తికాళ్ళతో దిగబడ్డాడు. చెప్పులు కనబడలేదట! మర్నాటికి మళ్ళీ గుమ్మంలోనే ఉండేవి. పెద్దలు గడ్డాలు నిమురుకుని వాయిదా వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈరోజు మూడోసారి. తాళ్ళు పేనే అతను నన్ను చేసుకుంటానని రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఇవాళ కూడా తేలకపోతే వాళ్ళక్క చూసిన సంబంధం ఖాయం చేసుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేను.

పొద్దున్నే తోళ్ళ కొట్టానికి వెళ్ళాను. మరిది సున్నం పట్టించిన తోలు మీద వెంట్రుకలు గీకుతున్నాడు, మళ్ళీ ఉత్తికాళ్ళతోనే.

"ఏమయ్యా మరిదీ, నా బతుకుతో ఆడుకుంటున్నావా?"

"ఒట్టు వదినా! నిన్న పని నుంచి వచ్చి గుమ్మంలోనే విడిచా. పొద్దున చూస్తే లేవు. ఈ తలనొప్పి వదలాలని నాకు మాత్రం ఉండదా?"

మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్త. ఇంటికి పరుగెత్తాను. అత్త తప్ప ఎవరూ ముట్టని పిండి తొట్టి వెనక చెయ్యి పెడితే తగిలాయి. అత్త తిరగలి ఆపింది.

"దొరికాయా?" అంది, దొంగతనం నాదైనట్టు.

"ఎందుకత్తా ఇలా చేశావు?"

"నువ్వు పోతే ఈ ఇంట్లో నా పెద్దోడి ఊసెత్తేదెవరే? తమ్ముడు ఎప్పుడో మర్చిపోయాడు. నాకే వాడి గొంతు ఎలా ఉండేదో నిన్నటి నుంచి గుర్తు రావట్లేదు."

"కాస్త బొంగురుగా ఉండేది" అన్నాను. అనకుండా ఉండాల్సింది. అత్త నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మరిదినీ పెద్దలనీ తిట్టుకుంటూ రెండేళ్ళు లాక్కొచ్చాను. ఈవిడని ఏమని తిట్టను? తలుపు తెరిచే ఉంది, చెప్పులు చేతిలోనే ఉన్నాయి. కాళ్ళు మాత్రం కదల్లేదు.

మరిది రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్దలు కూర్చున్నారు వదినా. చెప్పులు కనిపించాయా?"

చేతులు వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"లేవు" అన్నాను.