ఆడపిట్ట కాదన్న గూడు

మా ఆయన అఖిలేష్ పెళ్లిళ్లకు వేసుకునే పట్టు అంగీని నేను చల్లనీళ్లలో జాడిస్తుంటే, మా అత్త అంజవ్వ కాలువగట్టు నుంచి గిజిగాడి గూడు తెచ్చింది. పడకగదిలో కడితే పిల్లలవుతారని ఎవరో చెప్పారట.

"సూడు పిల్లా, గా ఈతచెట్టు మీద అన్నిట్ల పచ్చగ మెరిసే పిట్టది. అచ్చం నా కొడుకు లెక్కుంటది."

ఆ పిట్ట నాకు తెలుసు. చెరుకులో కలుపు తీస్తూ వానకాలమంతా దాన్నే చూశాను. గూటికి వేలాడుతూ పొద్దంతా రెక్కలు కొట్టేది. మట్టిరంగు ఆడపిట్టలు వచ్చి, గూట్లో దూరి, గడ్డిపోచను ముక్కుతో లాగి చూసి ఎగిరిపోయేవి. పక్క మట్టకు గూడు కట్టింది వెలిసిన రంగు పిట్ట. పిల్లలు అరిచింది దాని గూట్లోనే. అన్ని చెట్ల సంగతీ నాకు తెలియదు, ఆ చెట్టు మీద మాత్రం మెరుపు అక్కరకు రాలేదు. అత్త తెచ్చిన గూటికి అడుగున రెండు తొర్రలున్నాయి, గుడ్లకు చోటే లేదు. ఆడపిట్ట కాదంటే మగపిట్ట గూటిని అట్లా సగంలోనే వదిలేస్తుంది.

"అత్తా, ఈ గూట్ల పిల్లలు కాలేదు" అన్నాను.

"పిల్లల సంగతి నువ్వు చెప్తున్నవా నాకు?" అని నవ్వింది.

ఆ నవ్వు కొత్తది కాదు. తోటికోడలి బిడ్డ తొట్టెల పండుగ నాడు పొద్దటి నుంచి పూరీలు ఒత్తింది నేను. బిడ్డను మాత్రం నా చేతికి ఇవ్వలేదు. నాలో ఏ లోపమూ లేదని నిజామాబాద్ డాక్టరమ్మ చెప్పింది, ఆయనను కూడా పరీక్షకు రమ్మంది. అఖిలేష్ అద్దంలో మీసం దువ్వుకుంటూ, "నన్ను జూస్తె గట్ల కనబడుతున్ననా?" అన్నాడు. ఎర్రగా, ఎత్తుగా ఉంటాడు. ఊరంతా ఆయన వైపే. నాకు మాత్రం మళ్లీ సూదులు, మళ్లీ మాత్రలు.

"గీసారి గిట్ట కాకుంటె ఇంకో పిల్లను సూస్తం" అంది అత్త, గూడు కడుతూనే.

మర్నాడు ముగ్గురం దవాఖానకు పోయాం. నర్సు పరీక్ష చీటీ రాస్తూ పేరు చెప్పమంది. అత్త నా పేరు చెప్పబోయింది.

"అఖిలేష్ అని రాయండి" అన్నాను.

ఆయన చివ్వున లేచాడు. "పిచ్చి లేసిందా నీకు? నడువు ఇంటికి."

నేను కుర్చీలోంచి కదలలేదు.

"పోతె పోండ్రి. అత్తా, ఇంకో పిల్లను సూస్తనంటివి గద. ఎవరో చెప్పు. ఒప్పుకునే ముందు ఈయన పరీక్ష కాయితం అడగమని నేనే పోయి చెప్పొస్త."