గురవమ్మకో మంచం

జ్వరంతో తూలుతున్న గురవమ్మను బండెక్కించి ఊరికి పంపేయమని నర్సులపై పెత్తనం చేసే మేట్రను హుకుం జారీ చేసింది. టైఫాయిడ్ రోగులకు సేవ చేసి ఆ జ్వరాన్నే తెచ్చుకున్న పిల్ల ఆమె. వార్డులో మంచాలు ఖాళీగానే ఉన్నాయి. కానీ అవి రోగులకట, నర్సు ట్రైనింగు పిల్లలకు కావట! 1946లో, చిత్తూరు దాపున ఉన్న ఆ ధర్మాసుపత్రిలో న్యాయం అలా ఏడ్చింది.

"ఈ ఎండలో బండి మీద పంపితే దారిలోనే సస్తాది" అంది జ్ఞానాంబ. గురవమ్మతో పాటే ట్రైనింగులో చేరిన పిల్ల.

మధ్యాహ్నం పిల్లలంతా వంటసాలలో చేరారు.

"సమ్మె సేస్తే రోగుల గతేమి?" అంది చెంగమ్మ.

"సేవ ఆపొద్దు. గురవమ్మను వార్డులో పండబెట్టి సుట్టూ కూసుందాం. మేట్రనొచ్చినా లేసేది లేదు" అంది జ్ఞానాంబ.

"మనల్ని ఎల్లగొడితే?"

"అందర్నీ ఎల్లగొడితే రోగుల మలం ఎవురెత్తాల? ధర్మకర్తలా?"

అందరూ నవ్వారు, భయపడుతూనే.

సాయంత్రం వార్డులో గురవమ్మ మంచం చుట్టూ కూర్చుని ఉండగా మేట్రను బూట్ల చప్పుడు వినపడింది. అంతే, అందరూ చటుక్కున లేచి తలలు దించుకున్నారు. నాడి చూడటం కన్నా ముందు వాళ్ళకు నేర్పింది లేచి నిలబడటమే మరి. జ్ఞానాంబకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

మేట్రను నవ్వింది. "అదీ బుద్ధంటే. ఇక తప్పుకోండి."

జ్ఞానాంబ తలెత్తింది. "లేసినాము మేడం. తప్పుకోము."

చెంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు చేతులు కలిపి మంచం చుట్టూ దడి కట్టారు.

"ఆ బిడ్డ నాకు తల్లి మాదిరి సేసింది. దాన్ని లేపితే మేమూ లేసిపోతాం" అని అరిచింది పక్క మంచం మీది ముసలమ్మ. స్ట్రెచర్ తెచ్చిన వార్డుబాయి మునికృష్ణ దాన్ని గోడకు ఆనించాడు. "నేను మొయ్యను మేడం" అని పిల్లల పక్కన నిలబడ్డాడు.

మేట్రను పోలీసుల్ని పిలిపించింది. ముందుండి నడిపిందని పోలీసు జవాను రెక్క పట్టి ఈడుస్తుంటే జ్ఞానాంబ వెనక్కి తిరిగింది. గురవమ్మ బతుకుతుందో లేదో ఆమెకు తెలీదు.

"సెంగమ్మా, గురవమ్మకు తడిగుడ్డ మారస్తా ఉండు! ఎవురూ కదలొద్దండి!"

పోలీసుల బండి జ్ఞానాంబను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. "తప్పుకోండి" అంది మేట్రను మళ్ళీ.

జ్ఞానాంబ నిలబడిన చోటికి చెంగమ్మ జరిగింది. తడిగుడ్డ పిండి గురవమ్మ నుదుటి మీద వేసింది.