కట్టెల కొట్టంలో ఉర్పో

గుడిసె తలుపు తోసేసరికి లోపలున్నవాళ్ళందరూ తలలెత్తి చూశారు. వాళ్ళలో మా ఉర్పో లేడు.

అరవై ఎనిమిదేళ్ళ మొగుడు, రెండు నెలల క్రితమే గుండెకు స్టెంటు వేయించుకున్నవాడు, "అడవికి పోతున్నా, ఆదివారం వస్తా" అని బల్ల మీద చీటీ పెట్టి వెళ్ళిపోతే ఏ పెళ్ళాం కుదురుగా కూర్చుంటుంది? మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, నేషనల్ పార్కు హద్దు దగ్గర దిగి, బాటసారుల కోసం కట్టిన, ఉర్పో ఎప్పుడూ ఆగే ఈ గుడిసెకు బురదలో పడుతూ లేస్తూ వచ్చాను.

గోడకు వేలాడే పుస్తకం లాక్కుని చూశాను. ఇక్కడ ఆగినవాళ్ళు పేరూ, వెళ్ళబోయే చోటూ అందులో రాయాలి. ఉర్పో కోడిగీతలు కనిపించాయి. "పన్నెండు గంటలు. పై గుడిసెకు." ఇప్పుడు మూడు దాటింది.

"ఈ మంచువానలో ఎందుకెళ్ళాడు?"

సాయిమి అనే అమ్మాయి పొయ్యి దగ్గర మేజోళ్ళు ఆరబెట్టుకుంటోంది. "మేం ముగ్గురం వచ్చేసరికి చోటు చాల్లేదమ్మా. మీరు తడిసిపోయారు, నేను రాత్రే వచ్చి సేద తీరాను అంటూ ఆయనే సంచీ సర్దుకున్నారు."

అదీ మా లాప్లాండు పద్ధతి. తాళం లేని ఈ గుడిసెల్లో చివర వచ్చినవాడిదే చోటు. ముందొచ్చినవాడు లేచి వెళ్ళాలి. చిన్నప్పుడు మా నాన్న నాకూ ఇదే నేర్పాడు. ఆ క్షణాన ఆ పద్ధతిని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టాలనిపించింది.

"మొహం చూస్తే తెలీలేదా, జబ్బు మనిషని?"

"బాగానే ఉన్నారమ్మా. జోకులు కూడా వేశారు."

"వేస్తాడు. పాడె మీద కూడా వేస్తాడు."

కాఫీ తాగి కిందికి పోదామని ఆగిన గడ్డపాయన గొంతు సవరించుకున్నాడు. "నేను పై గుడిసె నుంచే వచ్చానండీ. ఇప్పుడే దిగా. దారిలో నాకెవరూ ఎదురు రాలేదే."

కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి తిరిగాను. ఎవరో కాఫీ ఇస్తే కప్పు ఎక్కడో పెట్టేశాను. గడ్డపాయన తోడొస్తానంటూ బూట్లు తొడుక్కుంటున్నాడు. అంతవరకూ ఆగలేక, ఊతకర్ర ఏదైనా దొరుకుతుందేమోనని వెనకనున్న కట్టెల కొట్టంలోకి వెళ్ళాను.

దుంగల మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఉర్పో కూర్చునున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బతికే ఉన్నావా!"

"మెల్లగా. లోపలివాళ్ళు వింటారు."

"ఇక్కడేం చేస్తున్నావురా నాయనా?"

"వాగు దాకా వెళ్ళా. ఛాతీ పట్టేసింది, తిరిగొచ్చేశా. ఇప్పుడు తగ్గిందిలే."

"లోపలికి రావడానికేం రోగం?"

"ఇప్పుడు చివర వచ్చింది నేనేగా. తలుపు తీస్తే ఆ పిల్లలు లేచి చోటివ్వాలి."

"ఇస్తారు. నువ్వు వాళ్ళకివ్వలా?"

ఉర్పో తన బూట్ల వంక చూశాడు. "నేనిచ్చింది తడిసినోళ్ళకి, హేలినా. వాళ్ళిచ్చేది ముసలాడికి."

ఆ చలిలో అంతసేపు, సిగ్గుపడి కూర్చున్నాడు, పిచ్చిమనిషి.

"ముసలాడివే. నేనూ ముసల్దాన్నే. లే" అని సంచీకి చెయ్యి చాచాను.

నలభై ఒక్క ఏళ్ళుగా తన సంచీ నన్ను ముట్టనివ్వలేదు ఉర్పో. ఇప్పుడు ఒక్క మాటైనా అనకుండా వదిలేశాడు. అప్పుడు వేసింది నాకు అసలు భయం.