ఫిల్టర్ పెట్టెలో చీర ముక్క

కారు ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత ఎత్తి చూసిన రత్నకు లోపల ఫిల్టర్ కనబడలేదు; నాలుగు మడతలు పెట్టి కుక్కిన తన చీర ముక్క కనబడింది.

వంకాయ రంగు నూలు చీర, పసుపు అంచు. రెండు నెలలుగా కనబడకుండా పోయిన చీర. దాని కోసం ఆమె ఇల్లంతా తిరగేసింది. "పుట్టింటికి మోసింటావులే, మాకేం తెలుసు" అని అత్త దాసమ్మ వీధిలో నలుగురూ వినేలా అన్న మాట ఆమె చెవిలోంచి ఇంకా పోనేలేదు. ఆ చీర ఇప్పుడు ఇంజన్ ముక్కులో ఉంది.

రత్న బట్టను కదపకుండా, దాని వెనక ఉన్న గొట్టంలోకి వేలు పోనిచ్చి గీసింది. వేలు బయటికి తీస్తే గోధుమ రంగు పొడి. కారు నేర్చుకోక ముందు ఆమె మూడేళ్ళు సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగింది. తమ ఊరు వల్లూరు దుమ్ము ఎట్లాంటిదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది అద్దం మీద పడితేనే కరెంటు తగ్గిపోతుంది. ఇంజన్ లోపలికి పోతే ఏమవుతుంది?

ఏమైందో గురువారమే తెలిసింది. తను కారు నడుపుతోంది, వెనక సీట్లో సోలార్ కంపెనీ ఇంజనీరు ఆశా మేడం. ప్యానెళ్ళ వరసల నడుమ మట్టిదారిలో కారు ఒక్కసారి వణికింది. స్టీరింగు ముందు పసుపు లైటు వెలిగింది. తొక్కినా ముందుకు పోలేదు. నీడ లేని చోట గంటన్నర నిలబడ్డారు. మరునాడే, వాళ్ళ కారును పార్కుకు బాడుగకు పెట్టించిన ట్రావెల్స్ ఓబులేశ్ ఫోన్ చేశాడు. ఫిర్యాదు వచ్చిందట. బండి నడపడం చేతకాక ఇంజన్ చెడగొట్టిందట. ఆదివారం పొద్దున పదింటికి తనే వచ్చి బండి చూస్తాడట, తప్పు డ్రైవరుదే అయితే ఆమె పార్కు గేటు పాసు వెనక్కి తీసుకుంటాడట.

ఈ రోజే ఆదివారం. టైము ఏడున్నర.

ఆ పాసు చేతివెడల్పు ప్లాస్టిక్ ముక్క. దాని మీద రత్న ఫోటో, కింద 'డ్రైవర్' అన్న మాట. గంగప్ప కోడలు, శివరాజు పెళ్ళాం అన్నవి తప్ప ఆమె పేరు పక్కన ఇంకో మాట చేరింది ఆ ఒక్క చోటే. అది పోతే మళ్ళీ చీపురు, బక్కెట, ప్యానెళ్ళు. లేదంటే ఇల్లు.

బెంగళూరు నుంచి కొన్న సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్ కారు అది. కాసేపు బ్యాటరీ మీద, కాసేపు పెట్రోలు మీద నడుస్తుంది. దూరం ట్రిప్పులకు భర్త శివరాజు వెళతాడు. పార్కు లోపల ఆడ ఇంజనీర్లను తిప్పే డ్యూటీ రత్నది. కారుతో పాటు వచ్చిన లావు పుస్తకాన్ని ఆమె ఫోనులో వెతుక్కుంటూ, మాటకు మాట కూడబలుక్కుంటూ ఆరు నెలలు చదివింది. దుమ్ము ఊళ్ళలో ఎయిర్ ఫిల్టర్‌ను చెప్పిన గడువులో సగానికే చూసుకోవాలని ఆ పుస్తకంలో ఉంది. అదే చెప్తే శివరాజు నవ్వాడు. "బండి పుస్తకం చదివి నడిపేది కాదు రత్నా, చేత్తో నడిపేది." మరి మారుస్తావా అంటే మారుస్తానన్నాడు. రెండు నెలల కిందట మార్చేశానన్నాడు. అందుకే గురువారం నుంచి ఆమె అన్నీ చూసింది గాని, ఆ పెట్టె మాత్రం తెరవలేదు. నిన్న మధ్యాహ్నానికి, మార్చింది కూడా ఈపాటికి నిండిపోయుంటుందేమో అనిపించింది. హిందూపురం బస్సెక్కింది.

కొనడం ఏమంత సులువు కాలేదు. ఇదే పేరు, ఇదే ఆకారం ఉన్న కారు ఉత్త పెట్రోలుది ఒకటి, హైబ్రిడ్ ఒకటి వస్తాయి. రెండింటి ఫిల్టర్లూ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. పెట్టెలో పెట్టినప్పుడే వేలెడు తేడా బయటపడుతుంది. ఫోనులో అడిగితే అంగడి అతను "మీ ఆయనకీమ్మా ఫోను" అన్నాడు. నేరుగా పోయి నిలబడితే "మీ ఆయన రాలేదా" అన్నాడు. ఆమె ఛాసిస్ నంబరు రాసిన కాగితం బల్ల మీద పెట్టి, ఆ నంబరుకు సరిపోయేదే కావాలంది. అతను కంప్యూటర్లో కొట్టి చూసి, అప్పటిదాకా చేతిలో పట్టుకున్న ఫిల్టర్‌ను మాట్లాడకుండా లోపల పెట్టేసి వేరేది తెచ్చాడు.

ఆ కొత్త ఫిల్టర్ ఇప్పుడు సంచీలో ఉంది. దాని చోటులో చీర ఉంది. ఎవరు పెట్టారు?

రత్న దొడ్లోకి నడిచింది. మామ గంగప్ప గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు. భూమిని సోలార్‌కు లీజుకిచ్చినప్పటి నుంచి ఆయనకు మిగిలిన సేద్యం ఆ పదహారు గొర్రెలే.

"మామా, కారు ఇంజనుకు గుడ్డ పెట్టినావా?"

"నేనేల పెడతానమ్మా? శెనక్కాయ బుడ్డలు కొట్టేటప్పుడు మా డీజిలింజను మూతికి కట్టేవాళ్ళం, పొట్టు పోకుండా. ఆ కత శివరాజుకు సెప్పినా ఒకసారి."

"పొడిగుడ్డా?"

గంగప్ప నవ్వాడు. "పొడిగుడ్డతో ఏమొస్తాది? తడిపి, నూనె పిండి కట్టల్ల. అప్పుడే దుమ్ము అంటుకునేది. పొడిగుడ్డ కట్టేటోడు ఇంజను ఎరగనోడు."

పెట్టెలో ఉన్నది పొడిగుడ్డ.

రత్న గబగబా ఇంటి ముందుకు వచ్చింది. శివరాజు మెట్టు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచే ఆమెను చూశాడు.

"ఫిల్టర్ నువ్వే మార్చినావు కదా?"

"ఎన్నిసార్లు సెప్పల్ల? మార్చినా. నువ్వు ఆక్సిలేటరు అదేపనిగా తొక్కేది మానుకో ముందు."

అతని చెయ్యి వణకలేదు. బ్లేడు గీత తప్పలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

వంటింట్లోకి వచ్చి పొయ్యి మీద పాలు పెట్టింది. ఏం జరిగినా ఓబులేశ్‌కు టీ పెట్టాల్సింది తనే కదా. పాలు చూస్తూ నిలబడితే పోయినేడు జరిగింది గుర్తొచ్చింది. మరిది గృహప్రవేశం రోజు శివరాజు కారును వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి రాసేశాడు. అందరూ పరుగెత్తుకొచ్చేసరికి తన నోట్లోంచే మాట వచ్చింది, నేనే నేనే, నేనే చూసుకోలేదు అని. అతను కాదనలేదు. సాయంత్రానికి అతనే నవ్వుతూ మా ఆవిడ డ్రైవింగు చూడండి అంటూ బంధువులకు ఆ గీతను చూపించాడు. ఆమె కూడా నవ్వింది. అంతకు ముందు తాలూకాఫీసులో అతను తప్పుగా నింపిన ఫారం, బడిలో అతను మర్చిపోయిన మీటింగు, అన్నిటికీ నేనే, నేనే. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం లాగే ఇదీ ఇంట్లో ఒక పని. దీనికి పేరు లేదు, జీతం లేదు, ఆదివారం లేదు. గడ్డం గీసుకుంటున్న మనిషి చెయ్యి ఎందుకు వణుకుతుంది? ఆ పని చేసి పెట్టే మనిషి లోపల పాలు కాస్తోందని అతనికి తెలుసు.

"ఏమైందే, అట్ల నిలబడినావు?" దాసమ్మ లోపలికి వచ్చింది.

"నా వంకాయ రంగు చీర దొరికింది అత్తా. ఫిల్టర్ పెట్టెలో ఉండాది. ఫిల్టర్ లేదు."

లెక్క దాసమ్మకూ క్షణంలో తేలిపోయింది. తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించింది.

"వానిది అనొద్దు. ఓబులేశ్ ముందర వాని పరువు పోతే బెంగళూరు ట్రిప్పులు ఎవురిస్తారు? నువ్వే తప్పైపోయిందన్నా అని సెప్పు. ఆడమనిషివి, రెండు దినాలు తిట్టి మర్సిపోతాడు."

"నా పాసు పోతాది అత్తా."

"పోతే ఏమి? నువ్వు లేకుంటే సోలారు వెలగదా?"

రత్న పొయ్యి ఆర్పింది. బయటికి వచ్చి చీర ముక్కను ఉన్నదున్నట్టే వదిలి పెట్టె మూత వేసింది. రెండు క్లిప్పుల్లో ఒకటి విరిగి ఉంది, దాని చోట చుట్టి ఉన్న సన్న తీగను తెరిచేటప్పుడు తనే విప్పింది. ఆ తీగనూ మళ్ళీ చుట్టింది.

పదికి పది నిమిషాలుందనగా ఓబులేశ్ బైకు వచ్చింది. శివరాజు తెల్లచొక్కా వేసుకుని ఎదురుపోయాడు. రత్న టీ ఇచ్చింది. ఓబులేశ్ గ్లాసు అందుకుంటూ శివరాజుతోనే మాట్లాడాడు.

"ఆడోళ్ళు బండి నడిపేది ఫోను వీడియోల్లో బాగుంటాదప్పా. ఆ మట్టిదావల్లో నడిపితే ఇట్లే అయితాది."

"నేనూ అదే సెప్తి అన్నా. వినల్ల కదా."

ఓబులేశ్ కారులో కూర్చుని బటను నొక్కాడు. చప్పుడేమీ రాలేదు. పసుపు లైటు చూశాడు, చల్లగా ఉందని ఏసీ కాసేపు ఆడించాడు, దాన్ని ఆపకుండానే దిగాడు. "అమ్మా రత్నమ్మా, పాసు తీసుకురా."

ఆమె లోపలికి పోయి వచ్చింది. చేతిలో పాసు లేదు. కొత్త ఫిల్టర్ ఉంది. దాన్ని భర్తకు అందించింది.

"రెండు నెలల కింద మార్చినా అన్నావు కదా. ఈ దుమ్ముకు నిండిపోయింటాది. ఇది హైబ్రిడ్‌దే, సరిగ్గా సరిపోతాది. ఓబులేశన్న ముందరే మార్చు. ఆ తర్వాత పాసు ఇస్తా."

శివరాజు ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ తనకు అలవాటైనది ఏదో వెతికాడు.

"ఇప్పుడెందుకు..."

"మార్చప్పా, ఎంతసేపు?" అన్నాడు ఓబులేశ్. "అది కూడా చూసినట్టుంటాది."

బానెట్ లేచింది. శివరాజు ఏ పెట్టెను తెరవాలో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చేతులు పెట్టాడు. రత్న కారు లోపలికి చూసింది. 'రెడీ' అన్న పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

"ఆగు. బండి ఆఫ్ కాలేదు."

"సద్దే లేదు కదా, ఆఫ్‌లోనే ఉండాది."

ఆ మాట పూర్తయిందో లేదో, బ్యాటరీ దిగిపోయిన కారు తనంతట తానే ఇంజన్ అందుకుంది. గర్రుమని మొత్తం అదిరింది. శివరాజు వెనక్కి ఎగిరి, దొడ్లోంచి వచ్చి చూస్తున్న గంగప్ప మీద పడ్డాడు. ఓబులేశ్ చేతిలోని టీ అతని చొక్కా మీద ఒలికింది. రత్న తలుపు తీసి, బటను నొక్కి ఆపింది. లైటు ఆరేదాకా చూసి, తాళం తన దగ్గరే ఉంచుకుని దూరంగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు పెట్టు" అంది.

అతను తీగ విప్పాడు. రెండో క్లిప్పు తీశాడు. మూత మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడంటే ఓబులేశ్ విసుగ్గా ముందుకు వంగి తనే మూత ఎత్తేశాడు.

వంకాయ రంగు. పసుపు అంచు.

"ఏందప్పా ఇది?" ఓబులేశ్ రెండు వేళ్ళతో ఆ ముక్కను బయటికి లాగాడు. దుమ్ము రాలింది. "బండికి చీర కట్టింది ఎవురు?"

రత్నకు నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటైన ఆ రెండక్షరాలు. నేనే అంటే చాలు, వాకిలి చల్లబడుతుంది, మధ్యాహ్నానికి అన్నం సహిస్తుంది. ఆమె పళ్ళు బిగించింది. ఈ ఒక్క పనీ ఈ రోజు చెయ్యనని నిశ్చయించుకుంది. చెయ్యకుండా ఉండటం ఇంత బరువుగా ఉంటుందని మాత్రం అనుకోలేదు.

అప్పుడు గడపలో నిలబడి చూస్తున్న దాసమ్మ ముందుకు వచ్చింది.

"నేనే పెట్టినా ఓబులేశప్పా. దుమ్ము పోతాది కదా అని. నాకేం తెలుసు, ముసిల్దాన్ని. నేనే."

రత్న తల తిప్పి అత్తను చూసింది. బానెట్ ఎత్తడం రాని, పెట్టె ఎక్కడుందో ఎరగని అరవై ఏళ్ళ మనిషి, చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడి ఉంది. ఎంత తడుముకోకుండా అనేసింది! ఎన్నేళ్ళుగా చేస్తోందో ఈ పని, ఎవరెవరి కోసం చేసిందో. రత్నకు కోపం రాలేదు. ఆమె పోయి అత్త చెయ్యి పట్టుకుంది. దాసమ్మ విడిపించుకోబోయి, ఆగిపోయింది.

ఓబులేశ్ ముసలామెను ఎగాదిగా చూశాడు. పక్కున నవ్వాడు. "నువ్వు పెట్టినావా? క్లిప్పు ఇరగ్గొట్టి, తీగ సుట్టి? అవ్వా, నీకు కూడా పాసు ఇప్పించల్ల."

ఆ నవ్వు శివరాజుకు తగిలింది. తల్లి వైపు చూశాడు. చేతిలో కొత్త ఫిల్టర్ అలాగే ఉంది, తలకిందులుగా.

"అమ్మా, నువ్వు గమ్మునుండు" అన్నాడు. "నేనే పెట్టినా ఓబులేశన్నా. పావగడ అంగట్లో ఆయప్ప హైబ్రిడ్‌దా, పెట్రోలుదా అని అడిగినాడు. పెట్రోలే కదా పోసేది, పెట్రోలుదే అంటి. పాతది ఆడనే పారేస్తి. ఇంటికొచ్చి పెడితే పట్టల్యా. నొక్కితి. క్లిప్పు ఇరిగిపాయ, ఫిల్టరూ చీలిపాయ. బట్టల తీగ మీద ఈమె చీర ఆరేసి ఉండె, చించి పెడితి, మిగిలింది పారేస్తి. బేస్తవారం బండి ఎందుకు నిలిచిందో నాకు తెలుసు. తెలిసే నీకు ఫోను చేసి, ఈమెకు నడపను రాదని సెప్పింది నేనే. ఈమె ఆశా మేడం అనుకునింటాది, కాదు. ఆ పొద్దు అంగట్లో ఆయప్ప అడిగినప్పుడు ఫోను నా చేతిలోనే ఉండె అన్నా. ఈమె నంబరు తీస్తి. తీసి, మళ్ళా జేబులో పెట్టుకుంటి. చేసింటే అర నిమిషంలో సెప్పిండేది. ఈమెకు తెలుసన్నా. తెలుసని నాకు తెలుసు. అందుకే చెయ్యలేదు."